గునుగు పూల కింద రేడియో లారీలు

యుద్ధంలో లారీలు బాంబులకు పేలిపోతాయి, బురదలో కూరుకుపోతాయి, శత్రువు చేతికి చిక్కుతాయి. ఇవన్నీ నేను చదివాను. కానీ పట్టుచీరలు కట్టుకున్న ఆడవాళ్లు చుట్టూ తిరిగి చప్పట్లు కొడుతుండగా నాశనమైన సైనిక దళం ఏ పుస్తకంలోనూ కనబడలేదు. ఆ లోటు తీర్చడానికే ఇది రాస్తున్నాను. ఆ దళానికి సేనాధిపతిని నేనే.

అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల కింద నాకొక జిరాక్స్ దుకాణం ఉంది. నేను బడిలో చదివింది తక్కువ. మిగతాదంతా పంజాగుట్ట దగ్గరి లైబ్రరీలో ఫ్యాను కింద కూర్చుని చదివాను. ఏ అలమార దగ్గర ఫ్యాను తిరిగితే ఆ విషయంలో పండితుణ్నయ్యేవాణ్ని. ఒక ఎండాకాలం ఫ్యాను ఆవుల పెంపకం దగ్గర తిరిగింది. మా ఇంట్లో ఆవు లేకపోవడం ఆవు అదృష్టం. ఈ కథ జరిగిన ఏడు మాత్రం యుద్ధ చరిత్ర దగ్గర తిరిగింది.

అక్కడ దొరికింది ఆ లావుపాటి పుస్తకం. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యం వెంట తిరిగిన రేడియో లారీల గురించి. పైన పొడుగాటి ఏరియల్, లోపల చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకున్న సిపాయిలు. సరిగ్గా అప్పుడే లైబ్రరీవాళ్లు నోటీసు అంటించారు: బతుకమ్మ పండుగ తర్వాతి ఆదివారం పాఠకులు తమ చేతులతో చేసిన వస్తువుల ప్రదర్శన, మంచివాటికి బహుమతి. పిచ్చివాడి చేతిలో రాయి ఉంటే ఒక్క అద్దమే పగులుతుంది. చదువరి చేతిలో పుస్తకం ఉంటే ఇల్లంతా పగులుతుంది.

మా ఇంట్లో ఒక చిన్న గది ఉంది. దాన్నిండా నా పుస్తకాలు. నా భార్య స్వరూప జాకెట్లు కుడుతుంది. ఆమె కుట్టుమిషన్ మాత్రం వంటింట్లో, గ్యాసు పొయ్యి పక్కన. ఒక్కోసారి జాకెట్టుకు పోపు వాసన వచ్చేది, పప్పులో దారప్పోగు వచ్చేది.

"జర ఆ గది నాకియ్యయ్యా," అంది స్వరూప. "గిరాకీలు కొలతలిచ్చుడు పొయ్యి ముంగటనా?"

"నా లారీలకు ప్రైజొస్తది, చూడు. కళాకారునికి గది కావాల్నా వద్దా?"

"మంచిగ జెప్పినవ్. ప్రైజొస్తె గది నీది. రాకుంటె నా మిషన్‌ది. మళ్ల మాట తప్పొద్దు."

"తప్ప!" అన్నాను, కురుక్షేత్రానికి బయలుదేరుతున్నట్టు.

జిరాక్స్ కాగితాల అట్టపెట్టెలు కోసి మూడు లారీలు చేశాను. టానిక్ సీసాల మూతలు చక్రాలు. బోల్టులకు ఆవాలు అంటించాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. నేను నిజమైన అడుసు కోసం వర్షంలో ఊరంతా తిరిగి, లారీల చక్రాలకు పూసి, ఇంటికొచ్చి కాళ్లు కడుక్కోకుండానే నడిచాను. ఆ విషయం స్వరూప ఇప్పటికీ ఎత్తుతుంది.

పుస్తకం ఏరియల్ ఎత్తులో ఉండాలంది. కాబట్టి బంకమట్టితో గుట్ట కట్టాను, కింద వెడల్పుగా, పైకి పోయేకొద్దీ సన్నగా. చెక్క పీట దొరక్కపోతే స్వరూప పెద్ద తాంబాళంలోనే కట్టాను. నడుమ లారీలు దూర్చి, శిఖరం మీద తీగతో ఏరియల్ నిలబెట్టాను. ఇక మిగిలింది శత్రువు కంటపడకుండా మరుగు. లారీ ఏ ప్రాంతంలో ఉంటే ఆ ప్రాంతపు మొక్కలతోనే కప్పాలని పుస్తకం ఆజ్ఞ. నా లారీలున్నది అమీర్‌పేటలో. అమీర్‌పేటలో మొలిచేవి కోచింగ్ సెంటర్లు. వాటితో కప్పలేం కదా!

ఆ రోజు సద్దుల బతుకమ్మ. స్వరూప పొద్దున్నే గంపెడు తంగేడు, గునుగు, బంతి తెచ్చిపెట్టి, "నేను జాకెట్లిచ్చొస్త. నువ్వు జర బతుకమ్మ పేర్చి పెట్టు," అని చెప్పి పోయింది. నేను గునుగు పువ్వు ఒకటి చేతిలోకి తీసుకున్నాను. ఎండితే అచ్చం యుద్ధభూమి పొద! ఇవి వాడేసి సాయంత్రం వేరే పూలు కొంటే సరిపోతుందనుకున్నాను. గుట్ట చుట్టూ వరసలు వరసలుగా గుచ్చేశాను.

కృష్ణానగర్‌లో సినిమా సెట్లు వేసే నర్సింగ్ అన్న చూడ్డానికి వచ్చాడు. చుట్టూ తిరిగి చూశాడు.

"పూలు మస్తున్నయి తమ్మీ. మరి లారీలేవి?"

"కనబడ్తలేవా?"

"ఒక్కటి సుత కనబడ్తలేదు."

"అన్నా! గదే గావాలె!" అని కౌగిలించుకున్నాను. ఆయన ఏదో అనబోయి, నా కళ్లలో మెరుపు చూసి, టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

నేను పూలకోసం బజారుకు పోయాను. సద్దుల నాటి సాయంత్రం పూలు దొరుకుతాయనుకునేవాడు ఎన్ని పుస్తకాలు చదివితే ఏం లాభం? బల్కంపేట దాకా వెతికి, ఒక బంతిపువ్వుతో ఇంటికొచ్చాను. తాంబాళం లేదు. గుట్ట లేదు. లారీలు లేవు.

కాలనీ పార్కుకు పరుగెత్తాను. బతుకమ్మలన్నిటి నడుమ నా యుద్ధభూమి! ఆడవాళ్లు దాని చుట్టూ వంగి లేస్తూ చప్పట్లు కొడుతున్నారు. శిఖరం మీద, నా ఏరియల్ పక్కన, పసుపు గౌరమ్మ కూర్చుని ఉంది.

స్వరూప నన్ను చూసి మురిసిపోయింది. "పెండ్లయినంక గిప్పుడే నా మాటిన్నవయ్యా. ఎంత మంచిగ పేర్చినవ్!"

"స్వరూపా, దాంట్ల లారీలున్నయి," అన్నాను ఆమె పక్కన అడుగులు వేస్తూ. ఆగితే వెనకున్నామె తొక్కేస్తుంది మరి.

"ఏందీ?"

"మూడు రేడియో లారీలు. జర బయటికి తీద్దాం."

ఆమె రెండడుగులు వేసింది, రెండు చప్పట్లు కొట్టింది. "గౌరమ్మను కూసోవెట్టినంక ఇప్పతరా? ఇప్పుడు గవి నీ లారీలు కావు. ఆమె బండ్లు."

అంతలో కాలనీ కమిటీ పెద్దమ్మ బహుమతికి ఎంచడానికి ఒక్కో బతుకమ్మను చూస్తూ వచ్చింది. మాది చూసి ఆగింది.

"గీ తీగేంది బిడ్డా, గౌరమ్మ పక్కన?"

స్వరూప తడుముకోలేదు.

"ఏరియల్ పెద్దమ్మా. గౌరమ్మ అత్తగారింటికి పోయినంక పుట్టింటోళ్లతోని మాట్లాడుకోవద్దా? సిగ్నల్ కావాలె గదా!"

పెద్దమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. మొదటి బహుమతి మాకే. మైకులో పేరు చదివారు, చప్పట్లు మోగాయి. ఆ వెంటనే నా దళం నిమజ్జనం కోసం పెట్టిన నీళ్లలోకి దిగింది. కొంచెంసేపు ఏరియల్ మాత్రం పైన కనబడింది. తర్వాత అదీ లేదు. అంత గొప్ప మరుగు ఆ పుస్తకంలో సైతం లేదు.

దారిలో నాకు హఠాత్తుగా ఒక ఆశ పుట్టింది.

"స్వరూపా, ఎట్లనైతేంది, నా లారీలకు ప్రైజొచ్చింది. గది నాదే!"

"మైకుల ఎవరి పేరు సదివిండ్రు?"

"...నీది."

"మరి?"

ఇప్పుడు గదిలో కుట్టుమిషన్ ఉంది. నా పుస్తకాలు అటక మీద. నేనిది వంటింట్లో, పొయ్యి పక్కన కూర్చుని రాస్తున్నాను. పోపు వాసన వస్తే మన్నించండి.

పాఠకులారా, నేను చదివిన అలమారలన్నీ సాక్షిగా, తిరిగిన ఫ్యానులన్నీ సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకమీదట నా జీవితంలో ఏ లారీనీ దాచను. చేస్తే ఎర్రరంగు వేస్తాను, హారన్ బిగిస్తాను, వెనకాల పెద్ద అక్షరాలతో రాయిస్తాను: 'ఇది లారీ. బతుకమ్మ కాదు.'