వెనక బెంచీ పక్కన చేపల స్టూలు

ముందే చెప్పేస్తున్నాను, నేను కోతలు కోస్తాను. నా నోట పడితే వంకాయ గుమ్మడికాయంత అవుతుంది. మా ఆవిడైతే ఇంటికొచ్చిన చుట్టాలకి మంచినీళ్ళతో పాటే జాగ్రత్త కూడా అందిస్తుంది: "ఈయన చెప్పినదాన్ని నాలుగుతో భాగించి, మిగిలినదాంట్లో సగం నమ్మండి." లెక్కల మేష్టరిని కదా, భాగహారం అంటే నాకు కోపం రాదు.

ఐర్లండులో మేముండే అత్లోన్‌లో వాన కురవదు, కాపురం పెడుతుంది. పొద్దున్నే షానన్ నది మీంచి లేచిన మంచు మా స్కూలుని కింద నుంచి చెరిపేసేది. పైకప్పు, పొగగొట్టం, ఒక కాకి మాత్రం గాల్లో తేలుతుండేవి. సైకిల్ స్టాండు తడుముకుంటూ తలుపు ఎక్కడుందో కనిపెట్టేవాణ్ణి. లోపలికి అడుగు పెట్టాక కూడా, నిద్ర లేచి వచ్చానా లేక నిద్రలోనే వచ్చానా అన్నది మొదటి గంట కొట్టేదాకా తేలేది కాదు.

ఆ ఉద్యోగం ఒక్క ఏడాదికే. జూన్‌లో ప్రిన్సిపాల్ మేడమ్ ఉండమంటే మేష్టరిని, లేదంటే అంతకుముందు చేసినట్టే గోడౌన్‌లో మందుల పెట్టెలు పేర్చుకోవాలి. మా ఆవిడ పోర్ట్‌లీష్ ఆసుపత్రిలో నర్సు. ఇల్లు గడవదన్న బెంగ లేదు. కానీ సుద్దముక్క పట్టిన చేతికి పెట్టెలు ఎంత బరువో పేర్చినవాడికే తెలుసు.

నాకిచ్చింది సెకండ్ ఇయర్ క్లాసు. పదమూడు పద్నాలుగేళ్ళ పిల్లలు. వాళ్ళ గోలకి నది మీద హంసలు మూటా ముల్లె సర్దుకుని గాల్వే రైలెక్కేవి. ఆ గోల విని ఒకరోజు మేడమ్ తలుపు తోసుకుని వచ్చింది. అరవైకి దగ్గర పడిన సన్నటి మనిషి, తడిసిన రెయిన్‌కోటు. వెనక కూర్చుని కాస్త తోడుంటే క్లాసు కుదుటపడుతుందని ఆవిడ ఆలోచన.

నేను తణుకు దగ్గర ఇంటర్ కాలేజీలో ఏళ్ళ తరబడి నలిగి వచ్చినవాణ్ణి. అక్కడి ప్రిన్సిపాల్ గారి బూట్ల చప్పుడు మెట్ల మీద ఉండగానే లెక్చరర్లకి దగ్గు మొదలయ్యేది. ఆయన గదిలో అడుగు పెడితే పాఠం ఆపాలి, మన కుర్చీని చేతిరుమాలుతో తుడిచి ఆయనకి వెయ్యాలి, చేతులు కట్టుకుని పక్కన నిలబడాలి. అది రూలు కాదు. రూలయితే ఎవడో ఒకడు తప్పేవాడు. ఒంట్లో ఇంకిపోయిన అలవాటు.

అందుకని మేడమ్‌ని చూడగానే పాఠం దానంతటదే ఆగింది. చేతిరుమాలు దానంతటదే బయటికొచ్చింది. కుర్చీ తుడిచి, గది నడిమధ్యకి లాగి, చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"కూర్చోండి మేడమ్."

"అబ్బే, మీరు కానివ్వండి."

"పర్లేదు మేడమ్, కూర్చోండి."

"నేను వెనక నిలబడతానండీ."

"మీరు నిలబడితే నేనెలా చెప్పను మేడమ్?"

పిల్లలు టెన్నిస్ చూసినట్టు ఇటూ అటూ తలలు తిప్పారు. ఆవిడా కూర్చోలేదు, నేనూ కూర్చోలేదు. ఖాళీ కుర్చీ పట్టాభిషేకానికి తయారైన సింహాసనంలా వెలిగిపోయింది. ఆ వెలుగులో బీజగణితం చచ్చిపోయింది. ఆవిడ పాపం వెనక్కి వెనక్కి నడుస్తూ వెళ్ళిపోయింది. మళ్ళీ వారం వచ్చింది. మళ్ళీ అదే తంతు. ఆవిడ సాయానికి వచ్చిన ప్రతిసారీ నా పాఠానికి తద్దినమే.

మా అమ్మాయి అదే స్కూల్లో ఫిఫ్త్ ఇయర్. మనం తెలుగులో అడిగితే అచ్చమైన ఐరిష్ యాసలో ఇంగ్లీషులో జవాబిచ్చే బాపతు. ఒక సాయంత్రం బ్యాగు విసిరి నా ఎదురుగా కూర్చుంది.

"డాడ్, నువ్వు ప్రిన్సిపాల్‌తో గొడవ పెట్టుకున్నావని స్కూలంతా చెప్పుకుంటోంది."

"నేనా? కుర్చీ తుడిచి మరీ వేశానే!"

"కుర్చీ వేసి, చేతులు కట్టుకుని గుడ్లురిమి చూశావట. దమ్ముంటే కూర్చో అన్నట్టు. ఇక్కడ చేతులు కట్టుకుంటే కోపం అని అర్థం, డాడ్!"

మా ఆవిడ వంటింట్లోంచి, "అయితే జూన్ నుంచి పెట్టెలేనన్నమాట," అంది. మా ఆవిడ వేళాకోళంలో సగం ఎప్పుడూ భయమే. ఆ రోజు రెండు సగాలూ భయంలాగే వినిపించాయి.

తరవాతి వారం వాన మరీ పెంకిగా ఉంది. మేడమ్ వచ్చింది. నా చెయ్యి జేబులోకి వెళ్ళేలోపు చంకలోంచి ఒక మడత స్టూలు తీసింది. సరస్సు ఒడ్డున చేపలు పట్టేవాళ్ళు వేసుకునే ఆకుపచ్చ గుడ్డ స్టూలు. ఆ వాసనకి ముందు వరసలో ముగ్గురు ముక్కులు మూసుకున్నారు.

"నా కుర్చీ నేనే తెచ్చుకున్నాను," అంది. "మీ కుర్చీ మీదే."

వెనక బెంచీ పక్కన, రేడియేటర్ దగ్గర స్టూలు వేసుకుంది. తడికోటు మీంచి ఆవిరి లేచింది. కాసేపటికి ఆవిడ తల వాలింది. ఇంకాసేపటికి కెటిల్ మరిగే ముందు చేసే చప్పుడులాంటి సన్నటి గురక.

క్లాసు మొత్తం వెనక్కి తిరిగింది. అందరికంటే గోల చేసే కుర్రాడు పెదాల మీద వేలు పెట్టి, "ష్... పాపం, అలిసిపోయింది," అన్నాడు.

నేనూ గొంతు తగ్గించాను. గుసగుసల్లో సమీకరణం రాశాను. గుసగుసగా కారణాంకాలు అడిగితే గుసగుసగానే జవాబులొచ్చాయి. కిటికీ అద్దాలన్నీ ఆవిరి పట్టి బయట ఊరు మాయమైంది. మా గది తాడు తెగిన పడవలా షానన్ మీద మెల్లగా కొట్టుకుపోతున్నట్టుంది. సరంగు వెనక నిద్రపోతోంది, పిల్లలు చప్పుడు కాకుండా తెడ్లు వేస్తున్నారు. ఒకమ్మాయి మునివేళ్ళ మీద బోర్డు దాకా వచ్చి నా చెవిలో, "సార్, నాలుగో లైనులో మైనస్ కదా రావాలి?" అంది. చూస్తే నిజమే. దిద్దుకున్నాను. ఎవరూ నవ్వలేదు. ఆవిడ లేస్తుందని.

గంట కొట్టారు. మేడమ్ కళ్ళు తెరిచి, స్టూలు మడిచి, "గ్రాండ్," అని వెళ్ళిపోయింది. ఇక్కడివాళ్ళ భాషలో అంటే బాగుందని.

మర్నాడు ఆవిడ రాలేదు. అలవాటుకొద్దీ నేను మెల్లగానే మొదలుపెట్టాను. పిల్లలు ముందుకి వంగి విన్నారు. ఇన్నాళ్ళూ అరుపుకి అరుపు జవాబన్నమాట! ఈ సంగతి స్టాఫ్ రూములో ఊదేశాను. అంతవరకూ ఎవరి కప్పు వాళ్ళు పట్టుకుని తలో మూల కూర్చునే జనం ఒక్కసారిగా దగ్గరికి జరిగారు.

"నా గదిలోనూ నిద్రపోయింది," అంది ఫ్రెంచి టీచరు.

"నా గదిలోనూ," అన్నాడు వడ్రంగం నేర్పే సారు. "రంపం నడుస్తుంటే!"

నవ్వులకి కప్పులు ఒలికాయి. ఆ రోజు నుంచీ ఎవరి గదిలో ఆవిడ హాయిగా పడుకుంటుందా అని మాకు పోటీ. పాఠం కుదరని రోజు ఇదివరకు మూలన దాచుకునేవాళ్ళు, ఇప్పుడు టీ దగ్గర బయటపెట్టి పక్కవాణ్ణి సలహా అడుగుతున్నారు. రంపం చప్పుడులో మనిషికి నిద్రెలా పడుతుందని మాత్రం ఒక్కరికీ తట్టలేదు.

జూన్‌లో మేడమ్ తన గదికి పిలిచింది. వెళ్ళాను. ఆవిడ లేచి, జేబులోంచి చేతిరుమాలు తీసి తన కుర్చీని శుభ్రంగా తుడిచి, నా ముందుకి లాగింది. చేతులు కట్టుకుని పక్కన నిలబడింది.

"కూర్చోండి. మీ పాత కాలేజీలో కుర్చీ మర్యాద గురించి మీ అమ్మాయి అంతా చెప్పింది."

కూర్చున్నాను.

"ఆ పిల్లలు థర్డ్ ఇయర్‌కి వస్తున్నారు. మీరే తీసుకోవాలి. నాలుగో లైనులో ఆ మైనస్‌ని పిల్ల పట్టుకునేదాకా ఆగారు చూడండి, అది బాగుంది."

"మేడమ్... మీరు నిద్రపోయారు కదా?"

"చేపకి నీడ తగిలితే దగ్గరికి రాదండీ," అంది.

ఆ మైనస్ నాకూ కనబడలేదని ఆవిడకి నేను చెప్పలేదు. ఆవిడ ఎటూ కనిపెట్టే ఉంటుంది.

ఇక కల్పించింది ఏదో చెప్పాలి కదా. హంసల సంగతి మా ఆవిడ భాగహారంలో కొట్టుకుపోతుంది. కుర్చీ తుడవడం నిజం, రెండువైపులా. స్టూలు నిజం, దాని వాసన మరీ నిజం. గురక మాత్రం నేను తగిలించాను. ఆవిడ ఊరికే కళ్ళు మూసుకుని తల వాల్చింది, అంతే. నిద్ర ఆవిడ కల్పన, గురక నాది.