దొరసాని పాట, ఒక మెట్టు కింద

మన కాన్వెంటు స్నేహితులం పోస్టులో తిప్పుకునే ఈ నోటుబుక్కు నా వంతుకు వచ్చిన రోజే ఇది జరిగింది.

మనకు పియానో నేర్పిన సిస్టర్ దగ్గర్నుంచి పొద్దున ఉత్తరం వచ్చింది. పాడేవాళ్ళ పక్కన వాయించడం నేర్పే టీచరొకరు మద్రాసులో నన్ను చేర్చుకుంటారట, వెంటనే రమ్మన్నారు. ఈ అనంతగిరి కాఫీతోట నుంచి కొండ దిగే బండి వారానికొకటే, అది ఈ మధ్యాహ్నమే. నన్ను జీతానికి పెట్టుకుని రోజూ తన పాటకు పియానో వాయించుకునే తోట దొరసానిని సెలవడిగాను.

"ముందు నా పాట కానీ," అంది.

ఆ పాటలో పై స్వరం ఆవిడ గొంతుకు అందదు. ఏడాదిగా నేను శ్రుతి ఒక మెట్టు దించి వాయిస్తున్నాను, ఆవిడకు తెలీదు. ఈ రోజు మాత్రం స్వరాల కాగితంలో ఉన్న పై శ్రుతిలోనే వాయిద్దామనుకున్నాను. గొంతు చీలితే కోపమొచ్చి తనే నన్ను పంపేస్తుంది. ఆవిడ కళ్ళు మూసుకుని ఊపిరి పీల్చింది. మెడ మీద నరం కొట్టుకోవడం చూశాను. నా వేళ్ళు కింది శ్రుతిలోనే మొదలుపెట్టేశాయి.

పాట హాయిగా సాగింది.

"నువ్వు వాయిస్తే నా గొంతు ఎంత పైకైనా పోతుంది. నిన్నెలా పంపను?" అంది దొరసాని.

తేమకు మీటలు బిగుసుకోకుండా పియానో దగ్గర కుంపటి పెట్టే చిలకమ్మ వరండాలో నన్ను పట్టుకుంది. "ఏటమ్మా, నోట్లో నాలిక నేదేటి నీకు? బండి ఎలిపోతంది, ఎల్తానని బేగెల్లి సెప్పు!"

చెప్పలేదు. బండి వెళ్ళిపోయింది.

పాడేవాళ్ళను పాట మధ్యలో పడనివ్వకూడదని సిస్టర్ మనకు నేర్పారు. పడనివ్వడం మీలో ఎవరైనా నేర్చుకుని ఉంటే ఈ కిందే రాయండి. ఇక్కడ రేపు మళ్ళీ అదే పాట ఉంది.