ఒదెత్‌కి ఊరు చూపించిన టాక్సీ ఫ్లావియన్

విక్టోరియాలో గడియార స్తంభం పక్కన టాక్సీలు నిలబడే వరసలో మొదటి కారు ఎప్పుడూ ఫ్లావియన్‌దే. ఆ చోటు అతనికి ఎవరూ రాసివ్వలేదు. అందరికంటే ముందొచ్చి పట్టేసేవాడు, అంతే. నీలం రంగు కారు, భుజం మీద తువ్వాలు. ఓడ దిగొచ్చిన తెల్లవాళ్లు కారెక్కేముందు ఒకసారి, దిగి వెళ్లాక ఒకసారి ఆ తువ్వాలుతో సీట్లు దులిపేవాడు.

అతను పుట్టింది చేపలు పట్టేవాళ్ల ఇంట్లో. కానీ పడవ ఎక్కితే చాలు, కడుపులో దేవేసేది. రెండుసార్లు సముద్రం మీదికి తీసుకెళ్లి, రెండుసార్లూ వాంతులతో వెనక్కి తెచ్చాక, వాళ్ల నాన్న విసిగిపోయి, "నువ్వు నేలమీదే బతకరా" అని వదిలేశాడు. అలా టాక్సీ నేర్చుకున్నాడు. లూసియెన్‌ని పెళ్లి చేసుకున్నాడు. పిల్లలు లేరు. ఆవిడ జబ్బుచేసి పోయాక, రాత్రిపూట వంట మానేసి చెల్లెలు జెలియా పంపే గిన్నె కోసం ఎదురుచూసేవాడు.

విక్టోరియా ఈ దీవుల రాజధాని అన్నమాటేగానీ, చూడాల్సినవన్నీ మధ్యాహ్నం భోజనంలోపు అయిపోతాయి. గడియారం, చర్చి, తమిళులు కట్టిన పిళ్లయ్యార్ గుడి, అంటే వినాయకుడి గుడి, బజారు, తాబేళ్ల తోట, చివరికి సాన్ సూసీ కొండ దారిలో ఒక మలుపు. అంత త్వరగా అయిపోతే బాగుండదని ఫ్లావియన్ కారు నెమ్మదిగా నడిపేవాడు. "తోటలో తాబేలే నయం రా, నీకంటే ముందు చేరుతుంది" అని తోటి డ్రైవర్లు ఏడిపించేవాళ్లు. ప్రతిచోటా ఏం చెప్పాలో అతనికి కంఠతా వచ్చు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ నవ్వించాలో అన్నీ ఏళ్ల తరబడి ఒకటే తీరు.

ఒకరోజు జెలియా బజారులో తన మిరపకాయల కొట్టు పక్క కొట్టామెకి అప్పగించి, నడుముకి కట్టుకున్న గుడ్డ విప్పకుండానే టాక్సీల దగ్గరికొచ్చింది.

"అన్నయ్యా, రేపు ఖాళీయేనా?"

"రేపు ఓడ వస్తోంది."

"ఓడ ఎల్లుండి. కనుక్కునే వచ్చా. లా డీగ్ దీవి నుంచి నా స్నేహితురాలు ఒదెత్ వస్తోంది, కళ్లు చూపించుకోడానికి. పొద్దున్నే డాక్టరు చూసేస్తాడు. సాయంత్రం పడవదాకా ఏం చేస్తుంది పాపం? ఊరు చూపించు."

"లా డీగ్ వాళ్లకి విక్టోరియా చూపించడమేమిటే? ఎప్పుడూ రాలేదా ఏం?"

"ఎందుకు రాదు? వస్తుంది. ఆసుపత్రి, బ్యాంకు, మళ్లీ పడవ. ఊరెప్పుడు చూసింది? నీ ఊరు తెల్లవాళ్లకేనా, మనవాళ్లకి చూపిస్తే అరిగిపోతుందా?"

"సరే లేవే, అరవకు."

"ఆ తెల్ల చొక్కా వేసుకో. ఇస్త్రీ చేసి పెట్టా."

"తెల్ల చొక్కా ఎందుకు?"

"రేపు ఎండ ఎక్కువ" అంది జెలియా. అతనికి అందులో అనుమానించడానికి ఏమీ కనిపించలేదు.

మర్నాడు ఆసుపత్రి మెట్ల దగ్గర ఒకావిడ, తాటాకు టోపీ కళ్లమీదికి లాక్కుని, చేతిరుమాలు మొహానికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. బొద్దుగా ఉంది. పచ్చపువ్వుల గౌను వేసుకుంది.

"ఎవరూ, జెలియా వాళ్లన్నయ్యేనా?"

"నేనేనండి."

"ఏమనుకోకండి, మీ మొహం ఆనట్లేదు. కళ్లలో మందేశారు. సాయంత్రందాకా ఇంతేనట. అంతా పాలల్లో ముంచినట్టుంది, ఎండ చూస్తే సూదులు గుచ్చినట్టుంది."

ఫ్లావియన్‌కి జాలేసింది. "అయితే ఇవాళ ఊరేం చూస్తారు? రేవు దగ్గర నీడలో దింపేస్తాను, కూర్చోండి."

"అదేం మాట! మీకు కళ్లున్నాయిగా? మీరు చూడండి, నాకు చెప్పండి."

కారు గడియార స్తంభం దగ్గర ఆగింది. ఫ్లావియన్ గొంతు సవరించుకుని, అలవాటు కొద్దీ ఇంగ్లీషులో మొదలుపెట్టేశాడు. ఆవిడ రుమాలు వెనక పకపకా నవ్వింది.

"ఫ్లావియన్ గారూ, నేను లండన్ నుంచి రాలేదండీ."

అతను సిగ్గుపడి, మళ్లీ తమ దీవుల భాష క్రియోలులో ఎత్తుకున్నాడు. ఈ గడియారం లండన్‌లో ఉన్నదానికి నకలు, వందేళ్లు దాటింది, ఓడలోంచి దించేటప్పుడు లోలకం సముద్రంలో పడిపోయిందంటారు, అందుకే చాలాకాలం గంట కొట్టలేదు.

"అది మా దీవిలో కోడిపుంజుకీ తెలుసు. అది కాదు. ఎలా ఉంది ఇప్పుడు? పైన ఏమన్నా పిట్ట కూర్చుందా? కింద ఎవరున్నారు?"

ఫ్లావియన్ తలెత్తి చూశాడు. రోజూ దాని నీడలోనే నిలబడతాడు, కానీ చూడమని ఇంతవరకు ఎవరూ అడగలేదు. "వెండి రంగు... ఈమధ్యే వేశారు, కాళ్ల దగ్గర కొంచెం కారింది. పైన మైనా ఉంది. ముక్కుతో రెక్క గోక్కుంటోంది. కింద బ్యాంకు పిల్ల ఒకామె ఎవరికోసమో చూస్తోంది. చెప్పులు మార్చుకుంటోంది. ఎత్తు మడమలవి వేసుకుంటోంది."

"అబ్బాయి కోసం అయి ఉంటుంది. వచ్చాడా?"

"ఇంకా లేదు."

"కాసేపు ఆగుదాం."

ఆగారు. వెనక బస్సువాడు హారన్ కొట్టినా ఆగారు. చివరికి ఒక కుర్రాడు ఐస్‌క్రీములు కారుతుండగా పరుగెత్తుకొచ్చాడని ఫ్లావియన్ చెప్పాక, "హమ్మయ్య, పదండి" అంది ఒదెత్.

చర్చిలో చల్లగా ఉంది. ఆవిడ అతని మోచేయి పట్టుకుని మెట్లెక్కి, బల్లమీద కూర్చుని, టోపీ తీసి ఒళ్లో పెట్టుకుంది. పైన గంటలు కొట్టాయి. ఆ చర్చి గంట ప్రతిసారీ రెండు విడతలుగా కొడుతుంది. రెండోసారి మొదలవగానే, "ఇది మా ఆయన లాంటివాళ్ల కోసం. మొదటిసారి చెబితే ఎప్పుడూ వినలేదు" అంది.

"ఏం చేసేవారు?"

"పడవలు చెక్కేవాడు. చెయ్యి మంచిది. కల్లు తాగి పోయాడు. సముద్రం మీద నింద వెయ్యను."

పిళ్లయ్యార్ గుడి గోపురం మీద బొమ్మలన్నిటినీ కింది వరస నుంచి పై వరస దాకా చెప్పించుకుంది. ఏ బొమ్మ మొహం ఎలా ఉందో చెప్పలేక అతనికి చెమట పట్టింది. అయినా ఎందుకో సరదాగానే ఉంది.

గొడవ బజారులో వచ్చింది. చేపల బల్లల మధ్య ఇద్దరూ నడుస్తున్నారు. తెల్ల కొంగలు బల్ల అంచులమీద వరసగా కూర్చుని, పేగులు ఎప్పుడు విసురుతారా అని చూస్తున్నాయి. ఫ్లావియన్ వాటి సంగతే చెబుతున్నాడు. బూర్జ్వా అనే ఎర్రచేపని ముక్కలు కొడుతున్నావిడ కత్తి పక్కన పెట్టి, బజారంతా వినపడేలా కేకేసింది.

"జెలియా! ఏయ్ జెలియా! మీ పెళ్లికొడుకు వచ్చాడే, తెల్ల చొక్కాలో మెరిసిపోతున్నాడు! చెయ్యి కూడా పట్టేసుకున్నారమ్మా అప్పుడే!"

ఆడవాళ్లంతా గొల్లుమన్నారు. జెలియా మిరపకాయల వెనక నుంచి, "నోరుమూసుకోవే, పని చెడగొట్టేలా ఉన్నావు" అని సైగలు చేస్తోంది. ఫ్లావియన్ ఆ సైగలు చూశాడు. తన చొక్కా చూసుకున్నాడు. అప్పుడు అర్థమైంది.

"ఇదా నీ ఎండ?" అన్నాడు చెల్లెలితో. తర్వాత ఒదెత్ వైపు తిరిగి, "మీకూ తెలుసా?" అన్నాడు.

"నాకు తెలుసు. మీకు తెలియదని మాత్రం నాకు తెలియదు" అంది ఆవిడ. మొహంలో నవ్వు పోయింది.

అతను ఆవిడ చెయ్యి తీసి జెలియా కొట్టు బల్లమీద జాగ్రత్తగా పెట్టి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.

కారులో కూర్చుని తలుపు వేసుకున్నాడు. ముందు జెలియా మీద కోపం, తర్వాత చేపలావిడ మీద, ఆ తర్వాత లూసియెన్ మీద కూడా, ఎందుకు పోయావని. ఆవిడ పోయినప్పుడు అందరూ ఓదార్చారు. రెండేళ్లకి అందరూ మర్చిపోయారు. తనే మర్చిపోలేదనుకుంటున్నాడు. కానీ ఇవాళ పొద్దున్నుంచి ఆవిడ ఒక్కసారీ గుర్తురాలేదు. దాంతో దొంగతనం చేసినవాడిలా కూర్చుండిపోయాడు. ఎదురుగా రోడ్డు దాటుతున్న ఒక ముసలాయన కాలు తడబడితే, అప్పుడు ఒదెత్ గుర్తొచ్చింది. ఆ కళ్లతో ఆవిడ రేవుదాకా ఎలా వెళ్తుంది?

తిరిగి వెళ్లేసరికి ఆవిడ జెలియా పక్కన చిన్న పీట మీద కూర్చుని, తడిమి తడిమి వెల్లుల్లి వలుస్తోంది. జెలియా ఏడ్చినట్టుంది.

"తోట మిగిలిపోయింది" అన్నాడు ఫ్లావియన్ ఎవరివైపూ చూడకుండా. "తాబేళ్లు."

"అన్నయ్యా, నేను..."

"నువ్వు మాట్లాడకు. రాత్రికి గిన్నె కూడా పంపకు."

ఒదెత్ లేచి, గౌను దులుపుకుని, అతని మోచేయి కోసం చెయ్యి చాచింది.

తోటలో ఒక పెద్ద తాబేలు దగ్గర ఆవిడని కూర్చోబెట్టి, దాని మెడ కింద నిమరమన్నాడు. నిమిరితే అది నాలుగు కాళ్ల మీద లేచి, మెడ ఇంతెత్తున సాగదీసి, కళ్లు మూసుకుంది. ఒదెత్ నవ్వి, "మగాళ్లందరూ ఇంతే" అంది. తర్వాత, "మీ ఆవిడ ఎలా ఉండేది?" అని అడిగింది.

ఆ మాట అతన్ని ఎవరూ అడగలేదు. ఎలా పోయిందని అడిగారుగానీ. పొద్దున్నుంచి చెప్పీ చెప్పీ నోరు అలవాటుపడింది కాబోలు, చెప్పాడు. ముందుపళ్ల మధ్య సందు. కోపమొస్తే గిన్నెలు కడిగేది, కడిగినవే మళ్లీ కడిగేది. వాన పడితే వీధిలోకెళ్లి నిలబడేది. ఒదెత్ తాబేలు మెడ నిమురుతూనే విన్నది.

"మా దీవిలో ఒక నల్లపిట్టుంది. ప్రపంచంలో ఇంకెక్కడా దొరకడమే గగనమట. మనవాళ్లు దాని పేరు 'విధవ' అనే పెట్టారుగా. దాన్ని చూడ్డానికి ఎక్కడెక్కడి నుంచో మెడలో దుర్భిణీలు వేసుకుని మరీ వస్తారు" అంది. "నేనూ అదే పేరుతో ఇన్నేళ్లుగా అక్కడే ఉన్నా. ఒక్కడూ తొంగిచూడలేదు."

ఫ్లావియన్ ఆ రోజు మొదటిసారి గట్టిగా నవ్వాడు.

సాన్ సూసీ మలుపు చేరేసరికి పొద్దు వాలింది. కింద ఊరు, రేవు, దీవులు. అతను చెప్పడం మొదలుపెట్టబోయాడు. "ఆగండి, కళ్లకి తెర తొలగుతోంది" అంది ఒదెత్. రుమాలు దించి, కళ్లు చిట్లించి, ఊరివైపు కాకుండా అతనివైపు తిరిగి చూసింది. కిందనుంచి పైదాకా.

"జెలియా చెప్పినదానికంటే ముసలాయనే" అంది.

"మీ సంగతి నాకసలు చెప్పనేలేదు" అన్నాడు ఫ్లావియన్.

పడవ దగ్గర ఆవిడకి బుట్ట అందిస్తూ, "ఆగస్టు పదిహేనున మరియమ్మ పండక్కి ఆ పిట్టని చూడ్డానికి వస్తా" అన్నాడు. తనకి పడవ పడదన్న సంగతి, పడవ కనుమరుగయ్యాకగానీ గుర్తురాలేదు.

ఆగస్టులో వెళ్లాడు. దారిపొడవునా సంచిలో మొహం పెట్టుకునే ఉన్నాడు. లా డీగ్‌లో లా పాస్ రేవులో దిగేసరికి ఆకుపచ్చగా ఉన్నాడు. ఒదెత్ రెండు సైకిళ్లు పట్టుకుని నిలబడి ఉంది.

"ఎక్కండి."

"నాకు రాదు" అన్నాడు.

"ఏం రాదు?"

"సైకిలు. కారొక్కటే వచ్చు."

రేవులో ఉన్నవాళ్లంతా విన్నారు. విక్టోరియా టాక్సీవాడికి సైకిలు రాదన్న వార్త ఈ ఇద్దరికంటే ముందే ఒదెత్ ఇంటికి చేరింది. ఆ రోజంతా ఇద్దరూ సైకిళ్లు నడిపించుకుంటూ తిరిగారు. నల్లపిట్ట కనిపించలేదు. ఆక్టోపస్ కూర మాత్రం కడుపునిండా తిన్నాడు. తిరుగు ప్రయాణంలో అదీ దక్కలేదు.

ఆ తర్వాత నెలకోసారి, ఇంకా తర్వాత వారానికోసారి వెళ్లాడు. ఒదెత్ వెనక సీటు పట్టుకుని పరుగెత్తేది, అతను చిత్తడిలో పడేవాడు. వీధివాళ్లు అరుగులమీద కూర్చుని మరీ చూసేవాళ్లు. చివరికి ఒకరోజు పడకుండా చర్చిదాకా వెళ్లాడు. ఆపడం తెలియక గోడకి గుద్దుకుని ఆగాడు. మోకాలు తుడుస్తున్న ఆవిణ్ణి, పెళ్లి చేసుకుంటారా అని అక్కడే అడిగేశాడు.

"సరే. కానీ నేను విక్టోరియా రాను" అంది. "ఇక్కడ నా రెండు గదులున్నాయి, అద్దెకొచ్చేవాళ్లున్నారు, రొట్టెపండు చెట్టుంది. మీకేముందక్కడ?"

"కారుంది."

"కారుని పెళ్లి చేసుకుంటారా మరి?"

ఫ్లావియన్ ఒక వారం ఆలోచించాడు. ఆ వారమంతా ఎవరినీ ఎక్కించుకోకుండా ఊరంతా ఒక్కడే తిరిగాడు. తర్వాత కారు అమ్మేశాడు. కొన్నవాడికి తాళాలిచ్చి కొంతదూరం వెళ్లాక, రెండో గేరు నెమ్మదిగా వెయ్యమని మళ్లీ వెనక్కొచ్చి చెప్పి వెళ్లాడట. పెళ్లి లా డీగ్ చర్చిలోనే జరిగింది. చేపలావిడని పిలవొద్దని ఫ్లావియన్ అన్నాడు. పిలవకుండానే వచ్చి, అందరికంటే ఎక్కువ ఏడ్చింది.

ఇప్పుడతను అక్కడే ఉంటున్నాడు. పొద్దున్నే సైకిలు మీద రొట్టెలకి వెళ్తాడు, గదులు ఊడుస్తాడు. అద్దెకొచ్చినవాళ్లు ఈ దీవిలో ఏం చూడాలని అడిగితే, "నేనూ కొత్తవాణ్ణే, మా ఆవిణ్ణి అడగండి" అంటాడు. ఏళ్లు గడిచినా అదే మాట. హారన్ కొట్టాలని మాత్రం అప్పుడప్పుడూ చెయ్యి దురద పెడుతుందట.

మొన్న జెలియా మిరపకాయల మూటతో చూడ్డానికి వచ్చింది. అన్నయ్య వరండాలో కూర్చుని రొట్టెపండు సన్నగా తరుగుతున్నాడు. నల్లబడ్డాడు, కాస్త ఒళ్లుచేశాడు.

"బాగుందా అన్నయ్యా ఇక్కడ?"

అతను చెప్పబోతుండగా లోపల్నుంచి కేక వినిపించింది. "ఏమండీ, మబ్బేసింది! దుప్పట్లు తడిసిపోతాయి, కూర్చునే ఉంటారా?"

"వస్తున్నా, వస్తున్నా" అంటూ ఫ్లావియన్ కత్తి చెల్లెలి చేతికిచ్చి పెరట్లోకి పరుగెత్తాడు. జెలియా మిగతా కాయ తరగడం మొదలుపెట్టింది.