పాకాల అడవిలో నేను తవ్విన తెల్ల పూలు

మా కాలేజీ బీరువాలో పాకాల అడవి మొక్కలను ఎండబెట్టి అంటించిన అట్టలున్నాయి. వాటిలో ఒకదాని కింద నా చేతిరాతలో ఇలా ఉంది: గూడెంవాళ్లు గడ్డల కోసం తవ్వడంతో ఈ మొక్క ఇక్కడ లేకుండా పోయింది. అది అబద్ధం. తవ్వింది నేను.

డెబ్బైల చివర వరంగల్‌లో వృక్షశాస్త్రం డిమాన్‌స్ట్రేటర్‌గా కొత్తగా చేరాను. ఆదివారాలు నర్సంపేట బస్సెక్కి పాకాల వెళ్లేవాణ్ని. అడవి అంచు గూడెంలోని ఒక అవ్వ నాకు దారి చూపేది. నేను పుస్తకం తిరగేసేలోపు ఆకు నలిపి వాసన చూసి, ఎలుగు ఏ పండు తింటుందో, దుప్పి ఏ చిగురు కొరుకుతుందో చెప్పేది.

ఒక వానాకాలం పొద్దున చెరువు కట్ట వెనక తేమ నేలలో తెల్ల పూల ఆర్కిడ్ కనిపించింది. పదకొండు మొక్కలు. అట్టకు ఒకటి చాలు. కానీ ఇంకో కాలేజీవాళ్లు కూడా వస్తున్నారని విన్నాను. దాన్ని పాకాలలో కనిపెట్టిన పేరు నాకే దక్కాలని అన్నీ తవ్వేశాను. ఒక్కో మొక్కకు రెండు గడ్డలు, ముడతపడ్డ పాతది, గుండ్రటి కొత్తది. లావుగా ఉన్న కొత్తది మొక్కలను అణిచి ఎండబెట్టే ప్రెస్సులో అణగదని కోసి పారేశాను.

"అన్నీ తీస్తివా సారూ? మేం గడ్డ తవ్వితే తీగ తల మళ్ల మట్టిల పెట్టి వస్తం" అంది అవ్వ.

"ఇది తినే గడ్డ కాదవ్వా."

"నువ్వు తినకుంటే ఎవ్వరు తినరా? పందికి పెండ్లాం పిల్లలు లేరా?"

నవ్వి, మొక్కల సంచి ఆమె భుజానికెత్తాను.

మరుసటి ఏడాది మా పెద్దసారు ఆ చోటు చూస్తానని వచ్చారు. ఒక్క మొక్క లేదు. ఏమైందని అడిగితే, "గూడెంవాళ్లు తవ్వుకుంటారు సార్" అన్నాను. ఆ మాట అట్ట మీదికెక్కింది. అక్కడినుంచి ఫారెస్టు ఆఫీసుకిచ్చిన నివేదికలోకి పోయింది. గూడెంవాళ్లు కట్ట వెనక గడ్డపార పట్టకూడదని ఫారెస్టువాళ్లు ఆపేశారు. ఇంట్లో గింజలు నిండుకునే వానాకాలంలో వాళ్ల కడుపు నింపేది అక్కడి గడ్డలే. నేను పాకాల వెళ్లడం మానేశాను.

పదేళ్ల తర్వాత, మొన్నటి వానల్లో వెళ్లాను. అవ్వకు చూపు తగ్గింది. జరిగిందంతా చెప్పాను.

"నాకు ఎరుకలేదా సారూ? నీ సంచి మోసింది నేనే గద" అంది. "పదేండ్ల సంది మా కోడలు గడ్డల కోసం గుట్ట దాటి పోతాంది" అంది.

అవ్వ కోడలిని తోడిచ్చి నన్ను వాగు అవతలికి పంపింది. వెదురు నీడలో తెల్ల పూలు. ముప్పై దాటాక లెక్కపెట్టడం ఆపాను. నేను పారేసిన గడ్డలను అవ్వ ఆ రోజే ఒడిలో ఏరుకొచ్చి పాతిందట.

"ఆడనే పెడితే నువ్వు మళ్ల తవ్వుతవని ఇటు తెచ్చింది" అంది కోడలు.

అట్ట మీది పాత చీటీ చింపకూడదు, పక్కన కొత్తది అంటించాలి. అది మా పద్ధతి. నిన్న అంటించాను: పదకొండూ నేనే తవ్వాను, నేను కోసి పారేసిన గడ్డలను పాతి మొక్కను బతికించింది గూడెం అవ్వ. అదే రాసి, సంతకం పెట్టి ఫారెస్టు ఆఫీసులో ఇచ్చాను. రేంజర్ రెండుసార్లు చదివాడు.

"కోసి పారేసిన గడ్డ మొలుస్తదా సార్?"

"వచ్చి చూడండి" అన్నాను.

సోమవారం వస్తానన్నాడు. ఆ రోజు కట్ట వెనక్కి, రేంజర్ ఎదుటికే, గడ్డపారతోనే రమ్మని అవ్వ కోడలికి కబురు పంపాను.