ఏడో గడి

మా బాబాయి ఇంట్లో మనుషులకన్నా రీడ్లకే మర్యాద ఎక్కువ. క్లారినెట్ మూతికి బిగించే వేలెడంత రెల్లుముక్కే రీడు. అది అదిరితేనే పాట. వాయించడం అవగానే ఆయన దాన్ని మంచినీళ్లతో కడిగి, మెత్తటి గుడ్డతో అద్ది, వంకర పోకుండా గాజుపలక మీద పడుకోబెట్టి, ఆరాక గడుల పెట్టెలో దాస్తాడు. రోజుకొకటే డ్యూటీ. మిగతావాటికి సెలవు.

"నాకు ఏడాదికొక్క సెలవైనా లేదు," అనేది పిన్ని.

"నువ్వు వంకర పోవుగా!"

ఏడో గడి మూత ఎత్తబోతే మాత్రం నా చేతి మీద ఒక్కటేశాడు. పొద్దున్నే తలుపేసుకుని ఆ రీడునే పది నిమిషాలు వాయించేవాడు. బాతు పీక నొక్కినట్టుండేది. ఈ చెత్తకా ఇంత రాజభోగం?

"నీ రీడు తీసి కడిగావా?" అని నాకు క్లారినెట్ నేర్పే బాబాయి రోజూ అడిగేవాడు.

"రేపు."

కాలేజీని కూడా 'రేపు వెళ్తా' అంటూనే వదిలేశాను. అందుకే ఆయన నాకు పెట్టిన పేరు రేపుగాడు.

నాటకశాల బ్యాండులో ఒక్క ఖాళీ పడింది. అది రాకపోతే సోమవారం నుంచి గోడౌనులో పెట్టెలు మోయాలని నాన్న తేల్చేశాడు. పరీక్ష రోజు అక్కడికెళ్లి కేసు తెరిస్తే, పది రోజులుగా క్లారినెట్‌కే వదిలేసిన రీడు బూజు పట్టి ఉంది. చొక్కా అంచుతో తుడిచాను. కొస పుటుక్కుమంది. ఇంకోటి లేదు.

"బాబాయ్, రీడు విరిగింది!" అన్నాను ఫోనులో.

"నీ నెంబరెంత?"

"తొమ్మిది. ఆరోవాడు లోపలున్నాడు."

ఫోను పెట్టేశాడు. ఎనిమిదో వాడు లోపలికెళ్లాక వీధి చివర కనిపించాడు. ఇంటి చెప్పులు, గుండెలకు హత్తుకున్న పెట్టె, నిండుకుండ మోస్తున్నట్టు నడక.

"పరిగెత్తు బాబాయ్!"

"కుదిపితే కొస పోతుందిరా!"

వచ్చి ఏడో గడి రీడు చేతిలో పెట్టాడు. దాన్ని వెనక్కి చాచాను. "ఇది కీచుమంటుందిగా!"

"నా నోట్లో. ఇది గట్టి రకం, నాకు ఊపిరి చాలదు. నీకోసమే మూడు వారాలుగా మచ్చిక చేస్తున్నా."

"మరి నాకే ఇవ్వకపోయావా?"

"ఇస్తే ఇవాళ్టిదాకా బతికుండేదా?"

"నువ్వు నోట్లో పెట్టుకున్నది..."

"మూడుసార్లు కడిగాలే. నీ చొక్కాకన్నా శుభ్రం. తొమ్మిదో నెంబరు పిలుస్తున్నారు, పో!"

మొదటి స్వరమే నిలబడింది. గోడౌను తప్పింది.

"వచ్చింది బాబాయ్!" అని బయటికి దూకాను.

ఆయన నా మొహం వైపైనా చూడలేదు. నీళ్ల సీసా చాచాడు. "ముందు దాన్ని కడుగు."

నోటిదాకా వచ్చిన 'రేపు'ను మింగి కడిగాను. అద్దాను. పెట్టె తెరిచి పట్టుకున్నాడు. ఆరు మూతల మీద వారాల పేర్లున్నాయి. ఏడోదాని మీద పెన్సిలుతో 'రేపుగాడు' అని ఉంది.