పాక్ తర్మిది ఒక్క నిమిషం

పాక్ తర్మిదికి ఒకటే జబ్బు. ఆయన ఇంట్లో సినిమా మొదలైతే మధ్యలో ఆపి తీరాల్సిందే. కథ పాకాన పడేవేళ చూసి మరీ చెయ్యెత్తి "ఒక్క నిమిషం!" అంటాడు. ఆ నిమిషంలో నేను ఇంటికెళ్లి, పళ్లెం నిండా సోయాగింజల టెంపే ముక్కలు వేయించి, మా ఆయనతో ఓ పోట్లాట కూడా ముగించుకుని తిరిగొచ్చేదాన్ని. సినిమా ఆగినచోటే ఉండేది.

శనివారం సాయంత్రం చాపలేసుకుని కలిసి సినిమా చూడడం సెమరాంగ్ ఊళ్లో మా వాడ అలవాటు. అది పాక్ తర్మిది ముందుగదిలోనే. గోడకి పెద్ద తెర, దానికింద ఆయన చేతులారా బిగించుకున్న కంప్యూటరు. దాని ఫ్యాను గురక పెడుతోందని ఎన్ని ఫ్యాన్లు మార్చాడో! ఆ గదిలో వేరుశనగలు నమలాలన్నా మాకు భయమే.

"ఇప్పుడేమొచ్చింది పాక్?" అన్నాను ఒకసారి. మా దగ్గర మగవాళ్లని పాక్ అనీ, ఆడవాళ్లని బు అనీ గౌరవంగా పిలుస్తారు; నేను బు నింగ్‌ని.

"సినిమా అంటే సెకనుకి ఇరవైనాలుగు బొమ్మలు బు నింగ్. ఈ తెరేమో అరవైసార్లు మారుతోంది. ఇరవైనాలుగుని అరవైలో ఎలా సర్దుతాం? అందుకే మనిషి తల తిప్పితే తడబడుతున్నాడు."

"మాకేం తడబాటు కనబడలేదు. మీరు ఆపినప్పుడే తడబడుతున్నాం."

నవ్వేసి, తెరని కూడా ఇరవైనాలుక్కి దింపాడు. హమ్మయ్య అనుకున్నాం. మరుసటి వారం నలుపు పట్టుకున్నాడు. కంప్యూటరు పంపే నలుపు ఒకటీ, తెర చూపించే నలుపు ఇంకొకటీనట. నీడలో నిలబడ్డ మొహాలు మసిబొగ్గులైపోతున్నాయట. ఆ పై వారం "పెదవి ముందు, మాట వెనక" అని శబ్దాన్ని వెంట్రుకవాసి అటూఇటూ జరిపాడు.

ఇవన్నీ భరించేవాళ్లమే గానీ ఆయన ఆపే చోట్లే అనుమానంగా ఉండేవి. ఎవరో ఒకరు మాట్లాడుతుండగానే ఆపుతాడు. కళ్లజోడు నుదుటికెక్కించి, తెర దగ్గరికెళ్లి, నటి పెదవులకేసి తేరిపార చూస్తాడు. వెనక్కి తిప్పి మళ్లీ చూస్తాడు.

"ఇన్నేళ్ల కాపురంలో నా మొహం ఒక్కసారైనా అంత శ్రద్ధగా చూశారా?" అనేది ఆయన భార్య బు సుల్యాతి. "ఆ మూతిమీద ఏం రాసుందో అడుగు నింగ్!"

"పెదవి మసకగా ఉందే" అని గొణిగి ఎర్రబడేవాడు. ముసలాడికి పెదవుల పిచ్చని వాడంతా చెప్పుకుని నవ్వుకున్నాం. మీసాల పోలీసు మూతిని కూడా అంతే శ్రద్ధగా చూసేవాడు గానీ, ఆ సంగతి మేం లెక్కలోకి తీసుకోలేదు.

నవ్వనిదల్లా పక్కసందు పాక్ కస్లాన్ ఒక్కడే. బతుకంతా మరమగ్గాల మిల్లులో పనిచేసి రిటైరైనవాడు. వెనకనుంచి పిలిస్తే పలకడు, గర్వమనుకునేవాళ్లం. సినిమాకొచ్చి ముందువరసలో కూర్చుంటాడు. తెరమీద తమాషాకి మేం నవ్వాక నవ్వుతాడు. కాసేపటికి మోకాళ్లనొప్పంటూ లేచి వెళ్లిపోతాడు.

చివరికి మా ఓపిక నశించింది. సందు చివర కాఫీకొట్టువాళ్లు కొత్త టీవీ కొన్నారు. అందరి తరఫునా నేనే నోరు విప్పాను.

"పాక్, ఇవాళ ఒక్కసారి ఆపారా, వచ్చే వారం నుంచి అందరం కాఫీకొట్టుకే!"

ఆయన మొహం వాడిపోయింది. "ఆ టీవీ నేను చూశాను బు నింగ్. నీడలో మొహాలు కనబడవు."

"మాకు కనబడకపోయినా ఫర్లేదు."

"మీకు ఫర్లేదు" అన్నాడు, చాపల ముందువరసకేసి చూస్తూ. "సరే. ఆపను."

ఆ రోజు సినిమాలో అల్లుడు అత్తగారి మేకను దొంగచాటుగా అమ్మేస్తాడు. సరిగ్గా అత్తగారు నిలదీసే వేళకి రేకులమీద వాన దబదబా విరుచుకుపడింది. శబ్దం ఎంత పెంచినా ఒక్క ముక్క వినబడదు.

"ఆపండి పాక్! వాన తగ్గాక చూద్దాం!" అని నేనే అరిచాను.

"ఒక్క నిమిషం ఆపండి!" అని అందరూ అందుకున్నారు.

"ఆపను. మాటిచ్చాను" అని పాక్ తర్మిది చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

అప్పుడు పాక్ కస్లాన్ నవ్వాడు. ఒక్కడే, పొట్ట చేత్తో పట్టుకుని మరీ! నేను ఎదురుగా వెళ్లి ఏమైందని అడిగాను.

"మేక జ్వరమొచ్చి చచ్చిందని ఇందాకే చెప్పాడా, ఇప్పుడేమో దొంగలెత్తుకుపోయారంటున్నాడు! 'చచ్చిన మేకని ఎత్తుకెళ్లారంటే పాపం ఎంత ఆకలిమీదున్నారో నాయనా' అంటోంది అత్తగారు!"

చాపలతో సహా అందరం ఆయన చుట్టూ చేరాం. ఆయన వానని మించి అరుస్తూ అత్తగారి గొంతొకటీ, అల్లుడి గొంతొకటీ పెట్టి చెబుతూనే ఉన్నాడు. చీకటి కొట్టంలో అల్లుడు గుసగుసలాడింది కూడా వదల్లేదు.

"ఎలా తెలుస్తోంది పాక్?"

"మగ్గాల రొదలో ఎవరి మాట ఎవరికి వినబడుతుంది? పెదవులు చూసే కబుర్లాడుకునేవాళ్లం" అన్నాడు. చెవి తట్టుకుని, "ఇవి ఎప్పుడో మిల్లుకిచ్చేశాను" అని మళ్లీ తెరకేసి తిరిగాడు.

బు సుల్యాతి మొగుడివైపు తిరిగింది. "అయితే ఆ మూతులన్నీ..."

"మాటలు అందట్లేదు, పెదవులు వణుకుతున్నాయన్నాడు కస్లాన్. చెవుల సంగతి ఎవరికీ చెప్పొద్దన్నాడు."

"నాకైనా చెప్పకూడదూ? నానా మాటలూ పడ్డారు కదా!"

"నీకు చెబితే బు నింగ్‌కి చెప్పినట్టే. బు నింగ్‌కి చెబితే..."

"వాడంతటికీ చెప్పినట్టే" అని నేనే ముగించాను. స్నేహితుడి మాట కోసం కట్టుకున్న పెళ్లాం చేత కూడా రసికుడనిపించుకున్న ఆ మనిషిమీద నాకు ఎక్కడలేని ప్రేమా పుట్టుకొచ్చింది.

కాఫీకొట్టుకి ఎవరూ వెళ్లలేదు. మరుసటి శనివారం వానలేదు, తెర అద్దంలా ఉంది. కథ పాకాన పడింది. ముందువరసలోంచి ఓ చెయ్యి లేచింది.

"ఒక్క నిమిషం!" అన్నాడు పాక్ కస్లాన్. "ఆ పిల్ల కింది పెదవిమీద కాస్త నీడ పడుతోంది తర్మిదీ, చూడు."

నేను టెంపే వేయించడానికి లేచాను.