కౌలా సెలంగోర్‌లో నేను చెప్పిన కొరియన్ పాఠం

సియోల్ చూడాలని ఆరు నెలలు ఆన్‌లైన్‌లో కొరియన్ నేర్చుకున్నాను. తీరా టికెట్ ధర చూశాక మనసు మార్చుకుని విశాఖపట్నం నుంచి కౌలాలంపూర్‌కి బయలుదేరాను. అక్కడ బ్రిక్‌ఫీల్డ్స్ అనే పేటలో బస. సముద్రతీరాన ఉన్న కౌలా సెలంగోర్‌కి ఒక రోజు వెళ్ళి రావాలంటే హోటల్ వాళ్ళు కారు నడిపే అప్పలనాయుడు గారిని పిలిచారు. రోజంతటికీ రెండు వందల యాభై రింగిట్లు. క్లాంగ్ దాకా రైలు, అక్కడి నుంచి బస్సు పట్టుకుంటే చాలా చవక కానీ సగం రోజు దారిలోనే పోతుంది.

ఇడ్లీ తిని ఎనిమిదింటికి కారెక్కాం. ఆయనకు అరవై అయిదు దాటి ఉంటాయి. పుట్టింది మలేషియాలోనే, సుంగై సుమున్ ఎస్టేట్‌లో. తాతలది శ్రీకాకుళం వైపని తెలియగానే నాకు బాబాయ్ అయిపోయారు.

“అమ్మా, ఒక మాట. నాను కూడా ఇయ్యాల అక్కడొకల్ని కలవాల. కొరియా నుంచి వచ్చినాడు. ముప్పై ఏళ్ళయిపోనాది సూసి. నీకు ఓకే కదా లా?” అన్నారు, మాట చివర మలేషియా వాళ్ళ ‘లా’ తగిలించి.

ఆ వచ్చినాయన పేరు పార్క్. వయసులో ఉన్నప్పుడు బాబాయ్ ఒక వంతెన పనిలో ఉంటే, అక్కడ మేస్త్రీ ఆయనేనట. మొన్నీమధ్య బాబాయ్ కూతురు ఫోన్‌లో వెతికి పట్టుకుంది. “ఆడి దగ్గిరే కొరియా బాస నేర్సినాను” అని, ఎంతో గర్వంగా “యా, హ్యోంగ్! పాప్ మొగొస్సొ?” అన్నారు.

“ఒరే అన్నా, తిన్నావా?” అని దాని అర్థం. డెబ్బై దాటి ఉండే పెద్దమనిషిని అలా పలకరిస్తారా! కొరియన్‌లో మర్యాదకు మెట్లున్నాయని మొదలుపెట్టాను. స్నేహితులకైతే ‘అన్యోంగ్’, మామూలుగా ఎవరికైనా ‘అన్యోంగ్‌హసేయో’, బాగా గౌరవించాలంటే ‘అన్యోంగ్‌హషిమ్నిక్కా’. తిన్నారా అనడానికి ‘షిక్సా హష్యొస్సొయో’. పేరు చివర మన ‘గారు’లా ‘సొన్సెంగ్‌నిమ్’. మనం నువ్వు, మీరు, తమరు అన్నట్టే.

“ఐతే అన్నేళ్ళూ ఆడ్ని ఒరే అన్నానేటి?” బాబాయ్ చెంపలు వేసుకున్నారు.

తొమ్మిదిన్నరకి బుకిట్ మలవటి గుట్ట ఎక్కాం. పైన పాత లైట్‌హౌస్, కోట నాటి ఫిరంగులు, చెట్ల నిండా వెండి రంగు కోతులు. వాటి ముందు నిలబడి బాబాయ్ నడుం వంచి “అన్యోంగ్‌హషిమ్నిక్కా” అని గంటసేపు సాధన చేశారు. ఒక కోతి ఆయన జేబులోంచి కళ్ళద్దాల పెట్టె లాక్కుని, వేరుశనగలు ఇచ్చాకే వదిలింది.

పన్నెండున్నరకి నది ఒడ్డున సీఫుడ్ హోటల్‌కి చేరాం. పార్క్ గారు అప్పటికే వచ్చి ఉన్నారు. మమ్మల్ని చూసి చేతులు చాచి పరుగులాంటి నడకతో ఎదురొచ్చారు. బాబాయ్ రెండడుగుల దూరంలో ఆగి, నడుం వంచి, “పార్క్ సొన్సెంగ్‌నిమ్, అన్యోంగ్‌హషిమ్నిక్కా” అన్నారు.

చాచిన చేతులు కిందికి దిగాయి. పార్క్ గారు కూడా అంతే మర్యాదగా వంగారు. ఆవిరి మీద ఉడికించిన చేప, రొయ్యలు, అన్నం వచ్చాయి. ఇద్దరూ ఆఫీసులో మొదటిసారి కలిసినవాళ్ళలా కుటుంబం, వాతావరణం గురించి అడుగుతున్నారు. నేను మాత్రం పాఠం బాగా ఎక్కిందని మురిసిపోతున్నాను.

బాబాయ్ చెయ్యి కడుక్కోవడానికి లేవగానే పార్క్ గారు నాకు అర్థమయ్యేలా నెమ్మదిగా కొరియన్‌లో అడిగారు. “అతనికి నా మీద ఇంకా కోపమా? ఆ రోజు వంతెన పని వదిలి, చెప్పకుండా కొరియా వెళ్ళిపోయాను. మా అమ్మకు బాగోలేదని కబురొచ్చింది. పరాయివాడితో మాట్లాడినట్టు మాట్లాడుతున్నాడు.”

తప్పు నాదని చెప్పేసి, పరుగున వెళ్ళి బాబాయ్‌కి విషయం చెప్పాను.

“కోపమేటి? ఆడు నాకు అన్న!” తడి చేతులతోనే వచ్చి పార్క్ గారి వీపు మీద ఒక్కటి చరిచారు. “యా, హ్యోంగ్! పాప్ మొగొస్సొ?”

పార్క్ గారు బల్ల గుద్ది నవ్వారు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుని “మాల్ న్వా, మాల్ న్వా” అన్నారు. మర్యాద దించి చనువుగా మాట్లాడమని. ఆ పైన నాతో ఎవరికీ పని లేకపోయింది. కొరియన్, మలయ్, తెలుగు కలిపి మూడింటి దాకా మాట్లాడుకున్నారు. విడిపోయేటప్పుడు ఆయన “త్తో పోజా” అన్నారు. మళ్ళీ కలుద్దాం అని. బాబాయ్ “ఎల్లొత్తాను, హ్యోంగ్” అన్నారు.

మర్యాద పెంచడం ఎలాగో ఆరు నెలలు నేర్చుకున్నాను గానీ, పెంచితే నొచ్చుకునే మనుషులుంటారని ఆ రోజే తెలిసింది. నా చిన్ననాటి స్నేహితురాలు తహసీల్దారు అయ్యాక ఒక పెళ్ళిలో “బాగున్నారా మేడమ్” అన్నాను. ఆ తర్వాత తను ఫోన్ చెయ్యలేదు. బ్రిక్‌ఫీల్డ్స్ చేరగానే తనకు ఫోన్ చేసి “ఏమే, తిన్నావా?” అన్నాను. “ఇన్నాళ్ళకి గుర్తొచ్చానా, దొంగమొహమా!” అంది.

వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట: కొరియన్ పెద్దవాళ్ళు ఎదురైతే తల కొద్దిగా వంచి ‘అన్యోంగ్‌హసేయో’ అనండి, కొత్తవాళ్ళతో అది ఎక్కడా తప్పు కాదు. పాత స్నేహితులకు మాత్రం పాఠాలు చెప్పకండి.